చలికాలంలో కాన్పా? బిడ్డ ఇంటికి రాకముందే ఇవి తెలుసుకోండి

డిసెంబర్, జనవరిలో కాన్పు ఉన్నవాళ్లు తొట్టెలూ స్వెట్టర్ల కంటే ముందు ఒక డిజిటల్ థర్మామీటర్ కొనిపెట్టుకోండి. మొదటి 28 రోజుల్లో ఇన్‌ఫెక్షన్ వస్తే ఒళ్లు కాలిపోవాలనేం లేదు, ఒక్కోసారి చల్లబడిపోతుంది, అందుకే చాలా ఇళ్లలో ‘జ్వరం లేదు కదా’ అని తెల్లారేదాకా ఆగుతారు. చంకలో పెట్టి చూస్తే 99.5 ఫారెన్‌హీట్ దాటినా, 96 కంటే తగ్గినా వెంటనే ఆసుపత్రికే, ఇంట్లో ఉన్న జ్వరం చుక్కలు వేసి చూద్దాం అనుకోవద్దు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది పాలు. నిన్నటిదాకా చక్కగా తాగిన బిడ్డ రొమ్ము అందించినా పట్టకపోతే, లేపినా లేవకుండా మగతగా పడుంటే ‘బంగారుకొండ, అస్సలు ఏడవడం లేదు’ అని దయచేసి మురిసిపోకండి.

ఊపిరి లెక్కపెట్టడం ఇప్పుడే నేర్చుకోండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్లో టైమ్ పెట్టుకుని పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో నిండా ఒక నిమిషం చూడాలి. పసిపిల్లల ఊపిరి కాసేపు గబగబా, కాసేపు నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చిస్తే లెక్క తప్పుతుంది. 60 లేదా అంతకన్నా ఎక్కువుంటే ఇంకోసారి చూడండి, అప్పుడూ అంతే ఉంటే బయల్దేరండి. డొక్కలు ఎగరేస్తున్నా, మూలుగుతున్నా, పెదాలు నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా లెక్కలతో పనే లేదు. ఆకుపచ్చ వాంతి అయితే పేగుల్లో అడ్డు ఉండొచ్చు, అదీ ఎమర్జెన్సీనే.

రెండో మూడో రోజు ఒళ్లు కొంచెం పచ్చబడటం (కామెర్లు) మామూలే. పుట్టిన 24 గంటల్లోపే పచ్చగా కనిపించినా, అరచేతులు, అరికాళ్ల దాకా పచ్చదనం దిగినా మాత్రం ఎండలో పడుకోబెడితే పోయేది కాదు, ఆ పచ్చదనం తెచ్చే బిలిరుబిన్ రక్తంలో మరీ పెరిగితే మెదడు దెబ్బతింటుంది.

అమ్మమ్మలకూ నానమ్మలకూ ఒక మాట: బొడ్డుకు పసుపు, నూనె వద్దు, పొడిగా వదిలేయండి. తేనె, ఘుట్టీ (పసిపిల్లలకు పట్టే మూలికల మందు) నోట్లో పెట్టొద్దు. సాంబ్రాణి పొగ ఆ చిన్న ఊపిరితిత్తులకు పడదు.

రాత్రిపూట పిల్లల డాక్టరు, నవజాత శిశువుల ఐసీయూ రెండూ ఉండే ఆసుపత్రి మీ ఇంటికి దగ్గర్లో ఏదో ఇప్పుడే కనుక్కోండి. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఆసుపత్రి కావాలంటే రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఉంది, బండి లేకపోతే 108. దారిలో బిడ్డను తల్లి గుండెకు ఒంటికి ఒళ్లు తగిలేలా ఆనించి పైన శాలువా కప్పండి, తాగగలిగితే పాలివ్వండి, మగతలో ఉంటే నోట్లో ఏమీ పోయొద్దు. కాన్పు తర్వాత ఇచ్చిన డిశ్చార్జ్ కాగితాలు ఎప్పుడూ ఆసుపత్రికి తీసుకెళ్లే బ్యాగ్‌లోనే ఉంచండి.