భాగస్వామ్యం, కంపెనీ లెక్కలు: ఆన్‌లైన్ కోర్సులో ఎక్కడ చిక్కుకుంటారు, ఎలా బయటపడాలి

మాది భీమవరానికి, పాలకొల్లుకు మధ్య ఒక పల్లె. పగలు రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. రాత్రి ఏడు దాటాక మా వీధిలో డిగ్రీ చదివే పిల్లలు ఫోన్లు, లాంగ్ నోట్‌బుక్కులు పట్టుకుని మా అరుగు మీదికి వస్తారు. అందరూ అకౌంట్స్ కోర్సు ఆన్‌లైన్‌లో చదువుతున్నవాళ్లే. ఒక్కడి సొంత వ్యాపారం లెక్కల దాకా బాగానే చేస్తారు. భాగస్వామ్యం మొదలయ్యేసరికి తడబడతారు. కంపెనీ షేర్ల దగ్గరికి వచ్చేసరికి సగం మంది కోర్సే ఆపేస్తారు. అలా ఆపేసినవాళ్లను చూస్తే నాకు మనసు ఊరుకోదు, ఎందుకంటే వాళ్లను ఆపేసిన తప్పు చాలాసార్లు చిన్నదే. పిల్లలు నా దగ్గర చెప్పుకునే మాటలతోనే మొదలుపెట్టి, ఆ తప్పు ఎక్కడ పుడుతోందో, నేనేం చేయిస్తానో రాస్తున్నాను.

"వీడియోలో అంతా అర్థమైందండి, కాగితం మీద పెడితే చెయ్యి కదలట్లేదండి"

వీడియోలో లెక్క చేస్తున్నది పాఠం చెప్పే ఆయన. ఆయన "గుడ్‌విల్ (వ్యాపారానికున్న మంచిపేరు విలువ) డెబిట్" అనగానే మీరు తలూపుతారు. ఎందుకు డెబిట్ అని అడిగే లోపు తర్వాతి ఎంట్రీ వచ్చేస్తుంది. పైగా చాలామంది వేగం పెంచి చూస్తారు. అకౌంట్స్ పాఠానికి అది అసలు పనికిరాదు.

లెక్క చదవడం అవ్వగానే వీడియో ఆపండి. పెన్నుతో ఎంట్రీ రాసి, దాని కింద ఒక్క వాక్యం వివరణ రాయండి: ఎవరు, ఎవరికి, దేనికోసం ఇచ్చారు. ఆ వాక్యం రాయలేకపోతే ఎంట్రీ సరిగ్గా వచ్చినా అది బట్టీయే. తర్వాత వీడియో నడిపి పోల్చుకోండి. తప్పు రాస్తే కొట్టేయకండి, పక్కన ఎర్ర ఇంకుతో సరైనది రాయండి. పరీక్ష ముందు చదవాల్సింది ఆ ఎర్ర ఇంకే. గంట పాఠానికి రెండున్నర గంటలు పడుతుంది, పట్టనివ్వండి.

క్విజ్‌లో పదికి తొమ్మిది వచ్చి, పెద్ద లెక్క మాత్రం పూర్తికాని వాళ్లదీ ఇదే జబ్బు. క్విజ్ ఒక్కో ముక్కనే అడుగుతుంది. కొత్త భాగస్వామి చేరే లెక్కలో రీవాల్యుయేషన్ ఖాతా (ఆస్తులు, అప్పుల విలువ మార్చితే వచ్చే లాభనష్టాలు చూపేది) ఫలితం మూలధన ఖాతాలకు, అక్కడి నిల్వలు బ్యాలెన్స్ షీట్‌కు వెళ్లాలి. వారానికి రెండు లెక్కలైనా మొదటి నుంచి చివరిదాకా ఒక్క కూర్చోటంలో చేయండి.

తుఫాను హెచ్చరిక వచ్చిందంటే ఆ వారం పాఠాలు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. కరెంటు ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు.

"లాభం పంచే దగ్గరే మార్కులు పోతున్నాయి"

ఇది కాస్త నిదానంగా చూద్దాం. బావ, బావమరిది కలిసి ఆకివీడు వైపు రొయ్యల చెరువు లీజుకు తీసుకున్నారనుకోండి. బావ 6 లక్షలు, బావమరిది 4 లక్షలు పెట్టారు. బావమరిది రాత్రుళ్లు కూడా గట్టు మీదే ఉండి మేత, ఏరియేటర్లు చూసుకున్నాడు. ఏడాది మొదటి రోజునే బావ సంస్థకు ఇంకో లక్ష అప్పుగా ఇచ్చాడు. కాగితం ఏమీ రాసుకోలేదు, నోటిమాటగా కూడా వాటాల సంగతి తేల్చుకోలేదు. ఏడాది చివర, అప్పు మీద వడ్డీ తీయక ముందు, లాభం 2,46,000 రూపాయలు. ఎవరికెంత?

పెట్టుబడి 3:2 కాబట్టి లాభమూ 3:2 అంటారు పిల్లలు. కష్టపడ్డాడు కాబట్టి బావమరిదికి జీతం కూడా వేస్తారు. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుంటే అలాగే తేలుస్తారు గనుక చెయ్యి అటే పోతుంది. తప్పు పుట్టేది అక్కడే. మీ లెక్కను తేల్చేది భారత భాగస్వామ్య చట్టం, 1932. ఒప్పందం ఏమీ చెప్పనప్పుడు ఏం చేయాలో దాని 13వ సెక్షన్ చెబుతుంది. పెట్టుబడి ఎంతైనా లాభనష్టాలు సమానం. భాగస్వామికి జీతం లేదు. మూలధనం మీద వడ్డీ లేదు. మూలధనం కాకుండా విడిగా సంస్థకు ఇచ్చిన డబ్బు మీద మాత్రం ఏడాదికి 6 శాతం వడ్డీ ఉంటుంది.

కాబట్టి ముందు బావ అప్పు మీద వడ్డీ 6,000 తీసేయాలి. మిగిలిన 2,40,000 చెరిసగం, అంటే ఒక్కొక్కరికి 1,20,000.

నిద్ర మానుకుని చెరువు కాపలా కాసిన మనిషికి విడిగా పైసా లేకపోవడం మొదట్లో నాకు కష్టంగానే అనిపించేది. కానీ చట్టం జీతం ఇవ్వొద్దనడం లేదు, ఇవ్వాలనుకుంటే ముందే మాట్లాడుకోమంటోంది. అందుకే లెక్క చదివేటప్పుడు అంకెల కంటే ముందు ఒప్పందం గురించిన వాక్యం వెతికి దాని కింద గీత గీయండి. అది లేకపోతే మార్జిన్‌లో "13వ సెక్షన్" అని రాసుకుని మొదలుపెట్టండి.

ఇక్కడే ఇంకో పొరపాటు. ఆ 6,000 వడ్డీని చాలామంది అప్రోప్రియేషన్ ఖాతాలో, అంటే తేలిన లాభాన్ని భాగస్వాములకు పంచే ఖాతాలో, వేస్తారు. అప్పు మీద వడ్డీ సంస్థకు ఖర్చు. లాభం వచ్చినా రాకపోయినా ఇవ్వాల్సిందే, అందుకే అది లాభనష్టాల ఖాతాలోనే పోవాలి. ఒప్పందం ప్రకారం ఇచ్చే జీతం, మూలధనం మీద వడ్డీ మామూలుగా లాభంలోంచి పంచిపెట్టేవి, అవి అప్రోప్రియేషన్ ఖాతాలోకి వస్తాయి. నష్టం వచ్చిన ఏడాది ఈ రెండో రకం ఇవ్వగలరా అని అడిగి చూడండి, తేడా దానంతటదే తెలుస్తుంది.

సొంతవాడకాల (భాగస్వామి సొంతానికి తీసుకున్న డబ్బు) మీద వడ్డీకి నెలల లెక్క తప్పే వాళ్లుంటారు. ఏడాదంతా నెలనెలా 10,000 చొప్పున, మొత్తం 1,20,000 తీసి, 12 శాతం వడ్డీ అయితే, ఆ మొత్తం మీద సగటున నెల మొదట్లో తీస్తే ఆరున్నర నెలలకు 7,800, నెల మధ్యలో అయితే ఆరు నెలలకు 7,200, నెలాఖరున అయితే ఐదున్నర నెలలకు 6,600. ఎప్పుడు తీశాడో తెలిపే మాట లెక్కలోనే ఉంటుంది.

"కొత్తవాడు చేరాక గుడ్‌విల్ ఎవరికి వేయాలో తెలియట్లేదు"

ఎక్కువ మంది ఏడుపు ముఖంతో వచ్చేది దీని గురించే. అలవాటుగా గుడ్‌విల్‌ను పాత నిష్పత్తిలో పంచేయడమే ఇక్కడ తప్పు. కొన్ని లెక్కల్లో సమాధానం కలిసిపోతుంది గనుక తప్పు చేస్తున్నామన్న అనుమానమే రాదు.

పాత భాగస్వాములిద్దరూ 3:2. కొత్తతనికి 1/5 వాటా ఇచ్చారు. గుడ్‌విల్ కింద అతను 50,000 తెచ్చాడు. ఇంకేమీ చెప్పకపోతే మిగిలిన 4/5ను పాతవాళ్లు 3:2లోనే పంచుకుంటారు. కొత్త నిష్పత్తి 12:8:5. వదులుకున్నది కూడా 3:2 లోనే. కాబట్టి 30,000, 20,000.

అదే లెక్కలో "ఇద్దరి దగ్గరా సమానంగా తీసుకున్నాడు" అని ఉంటే? ఒక్కొక్కరు 1/10 ఇచ్చారు. మొదటివాడికి 5/10, రెండోవాడికి 3/10 మిగిలింది. కొత్త నిష్పత్తి 5:3:2. త్యాగం, అంటే వదులుకున్న వాటా, 1:1 కాబట్టి గుడ్‌విల్ చెరో 25,000. ఒక్క మాట మారితే ఐదువేలు ఒకరి జేబులోంచి ఇంకొకరి జేబులోకి పోతున్నాయి. నిజం వ్యాపారంలో ఇలా జరిగితే అన్నదమ్ములు విడిపోతారు.

గుడ్‌విల్ అంటే వదులుకున్న వాటాకు ఇచ్చే ధర. ఎవరు ఎంత వదులుకున్నారో వాళ్లకే అంత చెందుతుంది. కాబట్టి గుడ్‌విల్ ముట్టుకునే ముందు ప్రతి ఒక్కరికీ పాత వాటాలోంచి కొత్త వాటా తీసేసి మూడు వరుసల పట్టిక రాయండి. సూటిగా కనిపించే లెక్కలో కూడా రాయండి. ఎవరైనా విరమించే లెక్కల్లో ఇదే తిరగబడుతుంది: కొత్త వాటాలోంచి పాతది తీస్తే లాభపడిన నిష్పత్తి వస్తుంది, వెళ్లిపోయేవాడికి గుడ్‌విల్ ఇవ్వాల్సింది ఆ లాభపడినవాళ్లు.

మరి పాత నిష్పత్తి ఎక్కడ వాడాలి? రిజర్వులకు, పంచకుండా ఉన్న పాత లాభాలకు, రీవాల్యుయేషన్ ఫలితానికి, పాత బ్యాలెన్స్ షీట్‌లో అప్పటికే ఉన్న గుడ్‌విల్‌ను కొట్టేయడానికి. దాళ్వాలో చేరిన పాలికాపు సార్వా ధాన్యంలో వాటా అడగడు కదా. కొత్తవాడు రాకముందు పండినదంతా పాతవాళ్లదే.

"ఆస్తి పెరిగితే డెబిట్ కదండీ, మరి రీవాల్యుయేషన్‌లో క్రెడిట్ ఏంటి?"

రెండు ఖాతాలను ఒకటిగా చూడటం వల్ల వచ్చే చిక్కు ఇది. 40,000 ఉన్న మోటారును 52,000కు పెంచితే మోటారు ఖాతా 12,000 డెబిట్ అవుతుంది, అందులో మీరు చెప్పింది నిజమే. రీవాల్యుయేషన్ ఖాతా ఆస్తి కాదు, లాభనష్టాలు చెప్పే ఖాతా. విలువ పెరగడం లాభం, కాబట్టి అక్కడ క్రెడిట్. ఖాతాలోకి నేరుగా దూకకుండా కొన్నాళ్లు ప్రతి మార్పుకూ జర్నల్ ఎంట్రీ రెండు వరుసలూ రాయండి. పది లెక్కలయ్యేసరికి ఈ సందేహం రాదు.

"బ్యాలెన్స్ షీట్ కలవట్లేదు"

మొత్తం మళ్లీ మొదటి నుంచి చేయకండి. ముందు తేడా ఎంతో చూడండి. ఆ తేడాలో సగం విలువ ఉన్న అంశం లెక్కలో ఎక్కడైనా ఉంటే, అది వేయాల్సిన వైపు కాక రెండో వైపు పడి ఉండొచ్చు. తేడా తొమ్మిదితో శేషం లేకుండా భాగం పోతే అంకెలు తారుమారై ఉండొచ్చు: 5,400 బదులు 4,500 రాస్తే తేడా 900.

రెండూ కాకపోతే నేను వరసగా చూసేవి ఇవి. రిజర్వును పంచిన తర్వాత కూడా కొత్త బ్యాలెన్స్ షీట్‌లో ఉంచేశారా? కొత్తవాడు తెచ్చిన మూలధనంతో పాటు గుడ్‌విల్ డబ్బు కూడా నగదులో కలిపారా? కొత్తగా తేలిన అప్పును రీవాల్యుయేషన్‌లో వేసి, అప్పుల వైపు చూపడం మరిచారా? మా అరుగు మీద ఈ మూడింట్లో ఒకటే ఎక్కువగా దొరుకుతుంది.

"నా సమాధానం కరెక్టేనండి, వీడియోతో కలవట్లేదు"

పాఠం ఏ దేశానిదో చూడండి. అమెరికా పాఠంలో కామన్ స్టాక్ అంటే మన ఈక్విటీ షేర్లు. వాళ్ల అడిషనల్ పెయిడ్ ఇన్ క్యాపిటల్‌లో ముఖవిలువకు పైన వచ్చిన డబ్బును మనం సెక్యూరిటీస్ ప్రీమియం అంటాం. వాళ్ల భాగస్వామ్య పాఠంలో బోనస్ పద్ధతి అంటే భాగస్వాముల మూలధనాల మధ్య సర్దుబాటు, మన బోనస్ షేర్లతో దానికి సంబంధం లేదు. కంపెనీ తన షేర్లను తానే కొని ట్రెజరీ స్టాక్‌గా ఉంచుకోవడం అక్కడ చెబుతారు. మన కంపెనీల చట్టం, 2013 ప్రకారం బైబ్యాక్ చేసిన షేర్లను, అది పూర్తయిన ఏడు రోజుల్లో రద్దు చేయాలి. మీ పరీక్ష మన సిలబస్‌ది అయితే విదేశీ పాఠాన్ని భావన అర్థం చేసుకోవడానికే వాడండి, ఎంట్రీలు మాత్రం మన పుస్తకం చూసి రాయండి.

జవాబు గడిలో 1,20,000 అని కామాలతో రాస్తే తప్పని చూపిస్తే, కామాలు లేకుండా రాసి చూడండి. దానికి టెన్షన్ పడి లెక్కంతా మార్చేయకండి.

"షేర్ల జప్తు దగ్గర ఆగిపోయాను"

భాగస్వామ్యంలో ప్రతి మూలధన ఖాతాకు ఒక మనిషి పేరుంటుంది. కంపెనీలో షేర్ క్యాపిటల్ ఒక్కటే ఖాతా. మనిషి కనిపించకపోయేసరికి పిల్లలు ఎంట్రీలు బట్టీ పడతారు, అక్కడే మునిగిపోతారు. మనిషిని మళ్లీ వెనక్కి తెచ్చుకోండి.

అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి 100 షేర్లు తీసుకున్నాడనుకోండి. ముఖవిలువ 10, ప్రీమియం 2. దరఖాస్తుతో 3, కేటాయింపుతో ప్రీమియంతో కలిపి 5, తర్వాత కంపెనీ మిగతా డబ్బు కట్టమని అడిగే రెండు పిలుపులు (కాల్స్) చెరో 2. అతను కేటాయింపు దాకా కట్టి, రెండు పిలుపులూ కట్టలేదు. కంపెనీ షేర్లు జప్తు చేసింది.

షేర్ క్యాపిటల్‌ను ఎంత డెబిట్ చేయాలి? అతను కట్టినంత అనుకుంటారు. కాదు, పిలిచినంత. 100 షేర్లకు 1,000. అందులో రావాల్సిన 400 పిలుపుల బకాయి, అది క్రెడిట్. మూలధనం కింద అతను కట్టిన 600 జప్తు ఖాతాకు క్రెడిట్. ప్రీమియం 200 వచ్చేసింది కాబట్టి దాన్ని ముట్టుకోకూడదు. అతను కేటాయింపు డబ్బు కూడా కట్టకపోతేనే ప్రీమియం 200 కూడా డెబిట్ అవుతుంది. అప్పుడు కేటాయింపు బకాయి 500, పిలుపుల బకాయి 400, జప్తు ఖాతాకు దరఖాస్తు డబ్బు 300. రెండు వైపులా 1,200.

మొదటి సందర్భానికే తిరిగి వద్దాం. జప్తు చేసిన వాటిలో 60 షేర్లను పూర్తిగా చెల్లించినట్టుగా 8 రూపాయలకు మళ్లీ ఇచ్చారు. "కంపెనీల చట్టంలో 53వ సెక్షన్ డిస్కౌంట్‌కు షేర్లు ఇవ్వకూడదంటుంది కదండీ?" అని ఒకమ్మాయి అడిగింది. చాలా మంచి ప్రశ్న. ఇది కొత్త జారీ కాదు. తగ్గిన 2 రూపాయలు మొదటి మనిషి దగ్గర కంపెనీకి ఎప్పుడో వచ్చేశాయి. అందుకే జప్తు చేసిన మొత్తానికి మించి తగ్గించడానికి వీల్లేదు.

బ్యాంకు 480, జప్తు ఖాతా 120 డెబిట్. షేర్ క్యాపిటల్ 600 క్రెడిట్. తర్వాత ఈ షేర్ల మీద కంపెనీకి మిగిలిన లాభం క్యాపిటల్ రిజర్వు ఖాతాకు పోతుంది, అది ఎంత? ఇక్కడ 600లోంచి 120 తీసి 480 అని రాసేస్తారు. జప్తు ఖాతాలోని 600 మొత్తం 100 షేర్లది, మళ్లీ ఇచ్చింది 60. ఆ 60కి చెందినది 360. అందులోంచి 120 పోతే 240 క్యాపిటల్ రిజర్వుకు వెళుతుంది. మిగిలిన 40 షేర్ల తాలూకు 240 జప్తు ఖాతాలోనే ఉండి, బ్యాలెన్స్ షీట్‌లో చెల్లించిన షేర్ మూలధనానికి కలిపి కనిపిస్తుంది. ఆ 40 షేర్లను ఇంకొకరికి ఇచ్చే రోజు వచ్చేదాకా అది అక్కడే ఉండాలి.