చెన్నై ఉక్కలో పాపకి డైపర్ రాష్ రాకుండా

మా పాప మే నెలలో పుట్టింది. వేళచ్చేరిలోని మా ఫ్లాట్‌లో ఫ్యాన్ తిరుగుతున్నా ఒళ్లంతా జిడ్డుగానే ఉండేది. మూడో వారంలో పాప తొడ మడతలు ఎర్రగా కందిపోయాయి. రాత్రి డైపర్ తడిసినా, నిద్ర చెడుతుందని నేను మార్చలేదు.

ఇప్పుడు పగలు 2, 3 గంటలకోసారి మారుస్తాను. దొడ్డికి వెళితే వెంటనే. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన దూదితో ముందు నుంచి వెనక్కే తుడవాలి. ఆడపిల్లలకైతే ఇది మరీ ముఖ్యం, లేకపోతే మూత్రంలో ఇన్ఫెక్షన్ రావచ్చు. రుద్దకండి, అద్దండి. మడతను వేలితో మెల్లగా విప్పి చూడండి, చెమట, పాత క్రీము అక్కడే పేరుకుంటాయి. తర్వాత రబ్బరు షీటు మీద అమ్మ పాత నూలు చీర పరిచి, పది నిమిషాలు డైపర్ లేకుండా పడుకోబెడతాను. కాళ్లు ఆడిస్తూ ఎంత హాయిగా ఉంటుందో! నా దృష్టిలో క్రీముకన్నా ఈ గాలే ముఖ్యం.

పూర్తిగా ఆరాక జింక్ ఆక్సైడ్ క్రీము మందంగా రాయాలి. అత్తయ్య ప్రేమగా పౌడర్ డబ్బా తెచ్చారు గానీ వాడలేదు, ఆ పొడి పిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. నడుము దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి. బొడ్డు ఊడేదాకా డైపర్ అంచును దాని కిందికి మడవండి.

2, 3 రోజుల్లో తగ్గకపోయినా, ఎరుపు చుట్టూ చిన్న చిన్న చుక్కలు లేచినా పిల్లల డాక్టరుకి చూపించండి, ఫంగస్ కావచ్చు. ఇంట్లో ఉన్న తామర క్రీము మాత్రం పూయకండి, చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది.