గోడ నెర్రెలిస్తే పుట్టీ కన్నా ముందు పెన్సిల్

కర్నూల్లో మా ఇంటి కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక నెర్రె పడింది. పుట్టీ పూసి రంగేశాం. మరుసటి వేసవికి మళ్లీ అదే చోట, అదే గీత. ఈసారి వచ్చిన బేల్దారి పుట్టీ డబ్బా మూత కూడా తీయలేదు. "ఇది పూత పగులా, గోడ పగులా?" అన్నాడు. అసలు తేల్చుకోవాల్సింది అదే.

సమస్య: సాలెగూడులా సన్న గీతలు
పూతలో సిమెంటు ఎక్కువైనా, మన ఎండకు అది త్వరగా ఆరినా వస్తాయి. వారం రోజులు నీళ్లు కొట్టాల్సింది, రెండో రోజే పైపు చుట్టేస్తే ఇంతే. వేలి కణుపుతో తట్టి చూడండి. గట్టిగా పలికితే ఉప్పుకాగితం రుద్ది, రెండు పూతలు పుట్టీ వేస్తే చాలు. డొల్లగా మోగితే మాత్రం ఆ మేర ఊడగొట్టి, ఇటుక తడిపి, కొత్త పూత వేయాల్సిందే.

సమస్య: పిల్లర్ పక్కన నిలువుగా, బీమ్ కింద అడ్డంగా తిన్నటి గీత
కాంక్రీటు, ఇటుక వేడికి ఒకేలా సాగవు. గీతకు అటూ ఇటూ ఆరంగుళాల పూత తీసి, చికెన్ మెష్ (సన్న ఇనుప తీగల వల) మేకులతో బిగించి మళ్లీ పూయాలి. కట్టేటప్పుడే వేసి ఉంటే ఈ ఖర్చు ఉండేది కాదు.

సమస్య: కిటికీ, తలుపు మూలల నుంచి ఏటవాలుగా, లేదా మెట్లు మెట్లుగా
మా ఇంటి నెర్రె ఈ రకమే. నల్లరేగడి వానలకు ఉబ్బుతుంది, ఎండలకు కుంగుతుంది. పునాది కదిలితే గోడా కదులుతుంది. అనంతపురం వైపు ఎర్రనేలల్లో ఈ బాధ తక్కువ.

నెర్రె రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ రాయండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడవనివ్వండి. ఈలోగా నీటి సంగతి చూడండి. మిద్దె మీది వాననీళ్లు పునాది పక్కనే పడకూడదు. గోడ చుట్టూ మూడడుగుల వెడల్పున కడప బండలు బయటికి వాలుగా పరిచి, సందులు సిమెంటుతో పూడిస్తే మట్టిలో తేమ మరీ హెచ్చుతగ్గులు కాదు.

గీత దాటి పెరగకపోతే అప్పుడు పూడ్చండి. ఉలితో 'వి' ఆకారంలో ఐదారు మిల్లీమీటర్ల లోతు గాడి తీసి, బ్రష్‌తో దుమ్మంతా దులపాలి. దుమ్ముంటే ఏదీ పట్టదు. అందులో కాస్త సాగే గుణమున్న యాక్రిలిక్ ఫిల్లర్ నింపండి. వైట్ సిమెంట్ వద్దు, అది గట్టిపడి మళ్లీ విడిపోతుంది. లోతు ఎక్కువైతే ఒక పొర ఆరాకే ఇంకో పొర. పైన మెష్ టేపు, పుట్టీ, ప్రైమర్, రంగు.

నెర్రె గీత దాటినా, ఐదు మిల్లీమీటర్ల కన్నా వెడల్పున్నా, గోడకు అవతలివైపూ కనిపించినా, తలుపు బిగుసుకుపోతున్నా ఇంజనీరుకు చూపించండి. పిల్లర్ మీద పగుల్లోంచి తుప్పు మరక దిగుతుంటే పెన్సిల్ కూడా అక్కర్లేదు, ఆ రోజే పిలవండి.