చేతితో కట్టే పాతకాలపు బండి – 4వ పాఠం: రేకుకు ఉబ్బు తెప్పించడం

గత పాఠం పెట్రోల్ ట్యాంకు కట్టె అచ్చు దగ్గర ఆగింది. 12 మి.మీ. ప్లైవుడ్ ముక్కలను నిలువు, అడ్డం గాడుల్లో బిగించి, బుల్లెట్ చాసిస్ పైగొట్టం మీద కూర్చోబెట్టారు. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూసుకున్నారు. కొలతలు మరోసారి చెప్తాను: పొడవు 50 సెం.మీ., సగటు వెడల్పు 20, సగటు ఎత్తు 14. గుణిస్తే 14 లీటర్లు. గొట్టం దూరే సొరంగం 50×6×7, అది రెండు లీటర్ల పైచిలుకు తినేస్తుంది. మూలలు గుండ్రంగా తిప్పితే ఇంకొంత పోతుంది. చేతికి 11 లీటర్లు వస్తాయనుకోండి. లీటరుకు 35 కిలోమీటర్లు ఇచ్చే ఇంజనుకు నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయి రావడానికి అది హాయిగా చాలు.

అచ్చు సిద్ధంగా ఉందని వెంటనే రేకు కత్తిరించకండి. ఈ పాఠంలో సుత్తె కన్నా ముందు కాగితం పట్టాలి. ట్యాంకు పని నేర్చుకునేవాళ్లు సగంలో వదిలేసేది ఇక్కడే. సుత్తె దెబ్బలు తెలియక కాదు, ఏ చోట ఎందుకు కొడుతున్నారో తెలియక.

ఇంట్లో ఉన్న స్టీలు బిందె ఒకటి, పాత న్యూస్‌పేపర్ ఒకటి తెచ్చుకోండి. బిందె నడుముకు కాగితం చుట్టండి. అడ్డంగా చక్కగా చుట్టుకుంటుంది, కానీ కిందా పైనా అంచులు ముడతలు పడతాయి. ఆ ముడతల దగ్గర కాగితం ఎక్కువైంది. ఇప్పుడు బిందె మెడ దగ్గర, లోపలికి తిరిగే వంపులో కాగితాన్ని అదిమిపెట్టండి. అక్కడ కాగితం చాలదు, చిరుగుతుంది. రేకు కూడా ఇంతే. ఒక వైపుకే వంగే ఒంపయితే పైపు మీద పెట్టి చేత్తో వంచేయొచ్చు, దానికి సుత్తె అక్కర్లేదు. రెండు వైపులా వంగాల్సిన చోట మాత్రం రేకు కొంత సాగాలి, లేదంటే కొంత కుదించుకోవాలి. మూడో దారి లేదు. ఫ్యాక్టరీలో పెద్ద ప్రెస్సు ఈ రెండు పనులూ అచ్చుల మధ్య ఒక్క నొక్కులో చేస్తుంది. మనం అదే పనిని కొంచెం కొంచెంగా చేస్తాం.

ఇక అసలు అచ్చు మీదికి రండి. మందపాటి ఖాకీ కాగితం తీసుకోండి. మన ట్యాంకుకు ఎడమ పలక, కుడి పలక, సొరంగం అని మూడు ముక్కలు. ఎడమ, కుడి పలకలు పైన నడిమి గీత దగ్గర కలుస్తాయి. ఎడమ వైపు కాగితం పరిచి, పైన నడిమి గీత మీద టేపు వేసి, మధ్యలోంచి అంచుల వైపు అరచేత్తో సాపు చేస్తూ రండి. ముడత లేచిన ప్రతి చోటా దాన్ని వేలితో మడిచి పట్టుకుని, పెన్సిల్‌తో ‘కుదించాలి’ అని రాసి, ముడత వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో పక్కన వేయండి. కాగితం బిగిసి అచ్చుకు అంటని చోట కత్తెరతో చీల్చండి. చీలిక ఎంత తెరుచుకుందో కొలిచి ‘సాగాలి’ అని రాయండి. ఈ కాగితమే మీ మ్యాపు. పని పూర్తయి ట్యాంకు బండి మీదికి ఎక్కేదాకా దీన్ని పారేయొద్దు.

ముందు భాగంలో, హ్యాండిల్ వైపు కింది మూల దగ్గర, ముడతలు గుంపుగా వస్తాయి. పక్కపక్కనే మూడు నాలుగు, ఒక్కొక్కటి 8, 10 మి.మీ. కనిపిస్తే ఆ మూలను ఒకే ముక్కలో లాగాలని పట్టుదలకు పోకండి. అతుకును అక్కడికే జరిపి, ఆ మూలను చిన్న ముక్కగా వేరే చేసి అతికించుకోండి. చెయ్యి తిరిగిన మేస్త్రీలు కూడా ఒంపు మరీ బిగుతుగా ఉన్నచోట ఇదే చేస్తారు. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

పాత జావానో యెజ్డీనో ఇంటి వెనక పడి ఉందని, దాని ట్యాంకు కోసి ఒంపు నేర్చుకుందామని కొందరికి ఆలోచన వస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. మైసూరులో 1961లో మొదలైన ఆ బళ్ల తయారీ 1996లో ఆగిపోయింది. ఒరిజినల్ ట్యాంకులు ఇక పుట్టవు. పైగా 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్, ‘వీఏ’ అక్షరాలున్న నంబరు దొరుకుతుంది. కోసిన బండికి ఆ గౌరవం రాదు. అలాంటి ట్యాంకు దొరికితే అట్టముక్కలతో దాని ఒంపులు గీసుకుని, దాన్ని భద్రంగా పక్కన పెట్టండి. పెట్రోల్ పోసిన పాత ట్యాంకుకు వెల్డింగ్ మంట తగిలించడం ఇంకా పెద్ద తప్పు. పైకి ఎండినట్టు కనిపించినా మడతల్లో, అతుకుల్లో ఆవిరి ఉంటుంది. ట్యాంకు పేలడానికి అది చాలు.

రేకు సంగతి. సీఆర్‌సీఏ రేకే కావాలి, అంటే చల్లగా రోల్ చేసి మెత్తబరిచినది. తాకితే నున్నగా, కొంచెం నూనెగా ఉంటుంది. నల్లటి పొర ఉన్న హెచ్‌ఆర్ రేకు, అంటే వేడిగా రోల్ చేసినది, వద్దు. జీఐ రేకు, అంటే జింకు పూత ఉన్నది, అసలే వద్దు, వెల్డింగ్‌లో జింకు పొగ వస్తుంది, పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది. 18 గేజీ అంటే 1.2 మి.మీ., 20 గేజీ అంటే 0.9. నేర్చుకునేవాళ్లకు 18 గేజీ మేలు. షాపులో గేజీ పేరు నమ్మకుండా వెర్నియర్ పెట్టి కొలవండి. చదరపు మీటరు 1.2 మి.మీ. రేకు 9.4 కిలోలు తూగుతుంది. మనకు అర చదరపు మీటరు పైన పడుతుంది కాబట్టి ఖాళీ ట్యాంకు ఐదు కిలోల చుట్టూ ఉంటుంది. అల్యూమినియం మీద మోజున్నవాళ్లు మొదటి ట్యాంకు ఇనుముతో చేశాకే దాని జోలికి వెళ్లండి. అది 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కానీ ఇనుములా ఎర్రబడి ముందు హెచ్చరించదు. చూస్తుండగానే జారిపోతుంది.

పనిముట్లకు పెద్ద ఖర్చు లేదు. సామిల్లులో మోకాలెత్తు చింత మొద్దు అడగండి. మటన్ కొట్టువాళ్లు కూడా చింత మొద్దే వాడతారు, ఎంత కొట్టినా పగలదు. దాని తలమీద జానెడు వెడల్పు, అంగుళం లోతు గుంత చెక్కించి, అంచులు గుండ్రంగా ఎమ్రీ పట్టండి. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర మందపాటి తోలుతో సంచి కుట్టించి, జల్లెడ పట్టి డాబా మీద బాగా ఎండబెట్టిన ఇసుక ముప్పాతిక వంతు నింపండి. తడి ఇసుకతో రేకు తుప్పు పడుతుంది. కట్టె సుత్తె రెండు కావాలి: ఒకటి గుండ్రటి తలది, ఒకటి చదునుది. డెంటింగ్ ఉస్తాద్‌లు వాడే డాలీ (రేకు వెనక ఆనించి పట్టుకునే ఇనుప దిమ్మ), నున్నటి ముఖమున్న ఇనుప సుత్తె కూడా తెచ్చుకోండి. విజయవాడ హైవే మీద వనస్థలిపురం ఆటోనగర్ చుట్టూ తిరిగితే పాతవి దొరకొచ్చు. కొనేముందు ముఖం మీద గోరు జరిపి చూడండి. గోరుకు ఏ గీత తగిలినా ఆ గీత ప్రతి దెబ్బకూ మీ రేకు మీద అచ్చు పడుతుంది. చెవుల్లో దూది కాదు, ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోండి.

కాగితం మ్యాపును రేకు మీద పరిచి, చుట్టూ 20 మి.మీ. ఎక్కువ వదిలి కత్తిరించండి. అంచులను ఆకురాయితో మొద్దుబార్చండి. లేకపోతే మొదట తెగేది వేళ్లు, తర్వాత చీలేది రేకు. సన్నని గీతలున్న అంచు దగ్గరే పగులు మొదలవుతుంది. ‘సాగాలి’, ‘కుదించాలి’ గుర్తులన్నీ మార్కర్‌తో రేకు లోపలి వైపు దించుకోండి.

ఇక దెబ్బలు. రేకు అంచును చింత మొద్దు గుంత మీద పెట్టి, గుండ్రటి కట్టె సుత్తెతో అంచుకు మూడు వేళ్లు లోపలగా కొట్టండి. నాలుగైదు దెబ్బలకు రేకు గుంతలోకి దిగుతుంది, అంచు మాత్రం అలలు అలలుగా లేస్తుంది. అలలు చూసి చెడిపోయిందని బెదరొద్దు. మనకు కావాల్సింది ఆ అలలే. కాగితం మీద లేచిన ముడత ఇదే. ఇప్పుడు రేకును గుంతలోనే ఉంచి, చదును కట్టె సుత్తెతో ఆ అల మీద తేలికగా, చురుగ్గా కొట్టండి. గట్టిగా ఒక్క దెబ్బ కొడితే అల పక్కకు జారి చదునవుతుంది, పని శూన్యం. తేలిక దెబ్బలు వేగంగా పడితే అల ఎటూ పారిపోలేక తనలోకి తానే దిగిపోతుంది. అప్పుడు అంచు పొడవు నిజంగా తగ్గుతుంది, అక్కడ రేకు మందం కూడా వెంట్రుకంత పెరుగుతుంది. ఒక్కటే జాగ్రత్త: అల ఒకదాని మీద ఒకటి మడత పడకూడదు. మడత పడేలా ఉంటే ఆపి, వెనక నుంచి కొంచెం తెరిచి, రెండు చిన్న అలలుగా చేసుకుని మళ్లీ మొదలెట్టండి. మడతను అలాగే కొట్టేస్తే అక్కడ తప్పకుండా పగులుతుంది.

అంచు ఒక చుట్టు తిరిగాక పలకను అచ్చు మీద పెట్టి చూడండి. సగం ఒంపు అంచు కుదించడంతోనే వచ్చి ఉంటుంది. మిగతా సగం కోసం ఇసుక సంచి మీదికి వెళ్లండి. పలక మధ్యలో, ‘సాగాలి’ గుర్తులున్న చోట, లోపలి వైపు నుంచి గుండ్రటి సుత్తెతో వరుసగా కొట్టుకుంటూ పోండి. ఒక దెబ్బ గుర్తు పక్కనే ఇంకోటి పడాలి, ఒకేచోట రెండు పడొద్దు. ప్రతి వరుస తర్వాత అచ్చు మీద పెట్టి చూడాలి. ఉబ్బు తక్కువైతే మళ్లీ కొట్టొచ్చు, ఎక్కువైతే దించడం చాలా కష్టం.

ఈ వరస నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ముందు కుదింపు, తర్వాతే సాగతీత. కుదించడం నెమ్మదైన పని, సాగదీయడం తేలిక పని. అందుకని కొత్తవాళ్లు అంతా సాగదీసే ఒంపు తెచ్చుకుంటారు. పైకి బాగానే కనిపిస్తుంది. కానీ ఒకచోట రేకు విస్తీర్ణం 20 శాతం పెరిగిందంటే 1.2 మి.మీ. రేకు అక్కడ 1.0కి దిగినట్టే. ఇంకా లాగితే ఇంకా పలచన. వెల్డింగ్ వేడికి మొదట ముడుచుకునేది, బండి వణుకుకు మొదట చిట్లేది ఆ పలచటి చోటే. మీ ట్యాంకు మీ రెండు మోకాళ్ల మధ్య, వేడి ఇంజన్ మీద ఉంటుంది. దాని మందంతో రాజీ పడొద్దు.

కొడుతూ పోతుంటే ఒక దశలో రేకు శబ్దం మారుతుంది. మొదట మెత్తగా పలికింది కంచులా గణగణమంటుంది, సుత్తె ఎగిరి వెనక్కి వస్తుంది. రేకు గట్టిపడిందన్న మాట. అప్పుడు బలం పెంచకండి. గ్యాస్ మంటతో ఆ చోటును మసక ఎరుపు దాకా వేడిచేసి, నీళ్లు పోయకుండా తనంతట చల్లారనివ్వండి. ఎర్రటి ఎండలో ఎరుపు కంటికి ఆనదు, అందుకని ఈ పని నీడలో చేయాలి. ఇత్తడి బిందెలు కొట్టే కంచరులు కూడా మధ్యమధ్యలో పాత్రను కొలిమిలో కాల్చి మెత్తబరిచేది ఇందుకే.

ఒంపు కుదిరాక మట్టం చేయడం. కట్టె సుత్తె పక్కన పెట్టి, ఇనుప సుత్తె, డాలీ తీసుకోండి. డాలీ ఒంపు పలక ఒంపు కన్నా కొంచెం ఎక్కువ గుండ్రంగా ఉండాలి. దాన్ని లోపలి నుంచి ఆనించి పట్టుకుని, పైనుంచి మణికట్టుతో మాత్రమే కొట్టండి. డాలీ సరిగ్గా దెబ్బ కిందే ఉంటే ‘టింగ్’ మంటుంది, తప్పితే ‘డబ్’ మంటుంది. కొద్ది రోజులకు మీ కళ్ల కన్నా చెవులే ముందు చెప్తాయి. ఒక వరుస అయ్యాక ఆకురాయిని పలక మీద ఏటవాలుగా, బరువు వేయకుండా ఒక్కసారి లాగండి. మెరిసినవి మిట్టలు, మసకగా మిగిలినవి గుంతలు. గుంతను లోపలి నుంచి లేపాలి తప్ప, మిట్టను రుద్ది గుంతకు సమం చేయొద్దు. అలా చేస్తే రేకునే అరగదీసినట్టు.

కంటికి దొరకనిది చేతికి దొరుకుతుంది. పలచటి నూలు గుడ్డ అరచేతికి చుట్టుకుని, కళ్లు మూసుకుని, పొడవునా నిమిరి చూడండి. వట్టి చెయ్యి జిడ్డుకు పట్టుకుంటుంది, గుడ్డతో జారుతుంది కాబట్టి చిన్న అల కూడా తెలుస్తుంది. తర్వాత కిరసనాయిలు తడి గుడ్డతో తుడిచి, ట్యూబ్‌లైట్ కింద పలకను మెల్లగా తిప్పండి. లైటు గీత ఆగకుండా పలక మీద జారిపోవాలి. ఎక్కడైనా వణికితే, విరిగితే, అక్కడ ఇంకా పని ఉంది. పుట్టీతో కప్పేద్దామనే ఆలోచనే పెట్టుకోకండి. అర మిల్లీమీటరు పుట్టీ పెయింటు కింద నిలుస్తుంది. మందంగా వేసింది మన ఎండలకు, ఇంజన్ వణుకుకు పగిలి, పెయింటుతో సహా పెచ్చులూడుతుంది.

వచ్చే పాఠంలో మోకాలి గుంతలు, సొరంగం, గ్యాస్ వెల్డింగ్. అప్పటికి కుడి పలక కూడా తయారు కావాలి. ఖాకీ కాగితాన్ని తిరగేసి అదే మ్యాపు వాడండి. ఎడమ పలక మీద ముందు, నడుమ, వెనక మూడు చోట్ల అట్టముక్కలతో ఒంపు గీసుకుని, వాటిని తిరగేసి కుడి పలకకు పెట్టి చూడండి. అట్టకూ రేకుకూ మధ్య 2 మి.మీ. సందు దాకా పరవాలేదు, అంతకు మించితే సరిచేసుకోండి. రోజు పని కాగానే రెండు పలకలకూ లోపలా బయటా నూనె రాయండి. చెమట చేతి ముద్ర చాలు, తెల్లారేసరికి తుప్పు మొదలవుతుంది.