పక్షుల దగ్గర మాట తేడా వస్తే ఎలా తేల్చుకోవాలి?

ఏటా వానాకాలం ముగిసే వేళకు శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చేరి, ఊళ్లోని చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలను లేపుతాయి. వాటిని చూడబోయిన బృందంలో ఎంత దగ్గరికి వెళ్లవచ్చు, ఫోటో కోసం ఏమేం చేయవచ్చు అన్నదాని మీద తగువు రావడం నేను చాలాసార్లు చూశాను. అలాంటప్పుడు ఎవరు పెద్ద, ఎవరికి ఎక్కువ పక్షులు తెలుసు అన్నది పక్కన పెట్టి, ఎదురుగా ఉన్న పక్షి ఏం చేస్తోందో చూసి తేల్చుకోవాలి.

1. బయల్దేరకముందే మాట్లాడుకోండి. గూటి కింద నిలబడటం, ఫ్లాష్ వాడటం, డ్రోన్ ఎగరేయడం, పక్షిని రప్పించడానికి ఫోన్‌లో దాని కూత వినిపించడం వంటివాటిలో ఏవి కూడవో బస్సు ఎక్కకముందే ఒప్పుకుంటే అక్కడ సగం గొడవ ఉండదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గుడ్లను, గూళ్లను చెదరగొట్టడాన్ని కూడా వేట కిందనే లెక్కగడుతుందని అందరికీ అప్పుడే చెప్పాలి.

2. పక్షి తీరు గమనించండి. ఎండవేళ ఎర్రకాళ్ల కొంగ గూటి మీద రెక్కలు విప్పి నిలబడి పిల్లలకు నీడ పడుతుంది. మనిషి దగ్గరయ్యేకొద్దీ మొదట మెడ నిటారుగా సాచి చూస్తుంది, తర్వాత రెక్కలు ముడుస్తుంది, ఆపైన లేచిపోతుంది. మెడ సాచినప్పుడే మనం ఆగిపోవాలి, ఎందుకంటే తల్లి లేచాక పిల్లల మీద ఎండ సూటిగా పడుతుంది, గుడ్ల కోసం కాకులు దిగుతాయి. ఒకసారి మాతో వచ్చిన ఒకతను ఎగిరే ఫోటో కోసం చప్పట్లు కొట్టబోతే, ఆ పెరటి పెద్దావిడ "వద్దు బాబూ, పిల్లలు జారి పడిపోతాయి" అంటూ చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. చెట్టు ఎవరి పెరట్లో ఉందో వారి మాటకు, మనలో ఎంత అనుభవజ్ఞులైనా, తల వంచాలన్నది నా గట్టి అభిప్రాయం.

3. నలుగురిలో నిలదీయకండి. పక్కకు పిలిచి, తగ్గు గొంతుతో, కళ్లారా చూసినదే చెప్పండి: "అన్నా, మీరు ముందుకు జరిగాక అది రెండుసార్లు లేచింది, పది అడుగులు వెనక్కి వద్దాం." అలా అంటూ మీరే ముందు వెనక్కి నడవండి. "మీకు పక్షులంటే ప్రేమ లేదు" అన్న మాట మాత్రం నోట రానివ్వకండి, అది విన్నవారెవరూ తగ్గరు.

4. కూత వినిపించడం మీద నిజంగానే రెండు వాదాలున్నాయి. పొదలోకి పదిమంది దూరి తొక్కేకంటే ఒకసారి కూత వినిపించి పక్షిని బయటికి రప్పించడం నయమని కొందరంటారు. ఆ కూత విని మరో పక్షి తన చోటికి వచ్చిందనుకుని, లేని ప్రత్యర్థి కోసం అది మేత మాని, గూడు వదిలి తిరుగుతుందని మరికొందరంటారు. గూళ్ల కాలంలో రెండో మాటే నిలవాలి. మిగతా రోజుల్లో బృందంలో ఒక్కరు వద్దన్నా మానుకోవడం మంచిది.

5. చోటు చెప్పే ముందు ఆగండి. తేలినీలాపురం, ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి ఊరూరా తెలిసినవే. తాటిచెట్టు తొర్రలోని గుడ్లగూబ సంగతి వేరు, దీపావళి ముందు మూఢనమ్మకంతో వాటిని పట్టేవారున్నారు. ఫోటో పెట్టాలనుకుంటే జిల్లా పేరుతో ఆపి, అదీ పిల్లలు ఎగిరిపోయాకే పెట్టండి. ఎవరైనా ముందే పెట్టేసి ఉంటే, ఫోన్ చేసి ఊరి పేరు తీసేయమని నెమ్మదిగా అడగండి.