లాంచ్ పాఠాలు – 3: టైరు కొనేటప్పుడు ముందు రబ్బరు, ఆఖరున వెడల్పు

ముందు పోయినసారి ఇచ్చిన లెక్క తేల్చుకుందాం: లాంచ్‌లో, అంటే నిలబడిన కారును ఒక్క ఉదుటున ముందుకు దూకించేటప్పుడు, కారును వెనక్కి పట్టి ఉంచేది ఇంజనా, టైరా? మన నమూనా కారు ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ. 1.5 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, 150 పీఎస్ పవర్, 250 న్యూటన్ మీటర్ల టార్క్, ముందు చక్రాలకే డ్రైవ్. టైరు 205/55 ఆర్16 (వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 55 శాతం, వీల్ 16 అంగుళాలు). డ్రైవరుతో కలిపి బరువు 1,350 కిలోలని, అందులో 60 శాతం ముందు ఇరుసు మీద ఉందని, బరువు కేంద్రం నేల నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉందని అనుకున్నాం. వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, 2.65 మీటర్లు.

నిలబడి ఉన్నప్పుడు ముందు చక్రాల మీద 810 కిలోలు ఉంటాయి. కారు ఎగదోసుకుని కదిలే సరికి అందులో సుమారు 127 కిలోలు వెనక్కి జారుకుంటాయి, మిగిలేది 683. మామూలు టూరింగ్ టైరు పట్టు గుణకం (మీద పడే బరువుకు ఎన్ని రెట్లు పట్టు ఇస్తుందో చెప్పే అంకె) 0.9 అనుకుంటే, రోడ్డును వెనక్కి తన్నగల బలం 614 కిలోల దగ్గర ఆగిపోతుంది. మొదటి గేరులో మొత్తం గేరు నిష్పత్తి 15 అనుకుని, నష్టాలకు పది శాతం తీసేసినా, ఇంజన్ చక్రాల దాకా పంపగలిగేది దాదాపు 1,090 కిలోలు. అంటే మొదటి గేరులో ఇంజన్‌కు బలం చాలక కాదు, టైరుకు పట్టు చాలక కారు వెనకబడుతోంది. రీమ్యాప్ చేయించి, అంటే ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్పించి, టార్క్ పెంచితే పెరిగేది పొగా, కీచుమనే శబ్దమే.

ఇప్పుడు అదే లెక్కలో గుణకాన్ని 1.05 చేయండి. త్వరణం 0.455 జీ నుంచి 0.517 జీకి చేరుతుంది (ఒక జీ అంటే భూమ్యాకర్షణ త్వరణం). పట్టు గుణకం దాదాపు 17 శాతం పెరిగితే త్వరణం 14 శాతమే పెరిగింది. మిగతాది ఏమైంది? కారు ఎంత గట్టిగా కదిలితే ముందు చక్రాల మీది బరువు అంత ఎక్కువగా వెనక్కి పోతుంది. ముందు డ్రైవ్ కార్లకు ఇది తప్పని పన్ను. అయినా సున్నా నుంచి 40 కిలోమీటర్ల వేగానికి, పట్టు అంచునే నడిపినట్టు లెక్కేస్తే, 2.5 సెకన్లు 2.2 అవుతాయి. ఇంజన్‌లో బోల్టు ఒక్కటీ విప్పకుండా వచ్చే లాభం ఇది.

వెడల్పు మీద భ్రమ

టైర్ల షాపులో మొదట వినిపించే సలహా "వెడల్పు టైరు వేయండి, పట్టు అదే వస్తుంది" అని. సగమే నిజం. టైరు నేలను తాకే విస్తీర్ణాన్ని ప్రధానంగా నిర్ణయించేవి మీద పడే బరువు, లోపలి గాలి. ఒక్కో ముందు చక్రం మీద 400 కిలోలు, గాలి 33 పీఎస్ఐ అనుకుంటే, ఆ మచ్చ సుమారు 170 చదరపు సెంటీమీటర్లు. 205 టైరుకు అది కాస్త పొడవుగా, 225 టైరుకు కాస్త అడ్డంగా పరుచుకుంటుంది. విస్తీర్ణం మాత్రం పెద్దగా మారదు. అడ్డంగా ఉన్న మచ్చ మలుపుల్లో మేలు, వేడిని కూడా బాగా పంచుకుంటుంది. తిన్నగా దూకే లాంచ్‌కు దక్కేది కొంచెమే.

అదీగాక వెడల్పుకోసం 17 అంగుళాల వీల్‌కు వెళితే వీల్ బరువు పెరగవచ్చు, పక్కగోడ ఎత్తు మాత్రం తప్పక తగ్గుతుంది. లాంచ్‌లో పక్కగోడ కొద్దిగా మెలితిరిగి ఆ మొదటి కుదుపును మింగుతుంది. అది మరీ పొట్టిదైతే కుదుపు నేరుగా రబ్బరు మీద పడి జారుడు మొదలవుతుంది. డ్రాగ్ రేసు టైర్ల పక్కగోడలు అంత ఎత్తుగా, మెత్తగా ఉండేది ఇందుకే.

అయినా సైజు మార్చాలనుకునేవారికి వ్యాసాల లెక్క ఇది. 205/55 ఆర్16 వ్యాసం 632 మిల్లీమీటర్లు. 225/50 ఆర్16 అయితే 631. 225/45 ఆర్17 అయితే 634. 215/45 ఆర్17 అయితే 625, అంటే ఒక శాతం పొట్టి. గేరింగు అంతమేర బిగుస్తుంది, లాంచ్‌కు అది నష్టం కాదు. 215/55 ఆర్16 మాత్రం 643కి పోతుంది. చూడ్డానికి నిండుగా ఉంటుంది కానీ గేరింగు 1.7 శాతం సాగుతుంది. 225/45 ఆర్17కి రిమ్ వెడల్పు 7 నుంచి 8.5 అంగుళాలు ఉండాలి. ఇరుకు రిమ్ మీద వెడల్పు టైరు ఎక్కిస్తే నడిమి భాగం ఉబ్బి అంచులు నేలను సరిగా తాకవు.

బయట అలాయ్ వీల్స్ కొంటే ఇంకో మూడు కొలతలు చూడాలి. బోల్టుల అమరిక 5x100, నడిమి రంధ్రం 57.1 మిల్లీమీటర్లు, బోల్టు తల కింద కూర్చునే ఆకారం. కంపెనీ బోల్టులది గోళాకారపు సీటు, బయటి వీల్స్‌లో చాలావాటిది శంఖాకారం. పాత బోల్టులతోనే బిగిస్తే చేతికి బిగువుగానే తెలుస్తుంది. కొన్ని వందల కిలోమీటర్లకు వదులవుతుంది.

రబ్బరు చదవడం

పక్కగోడ మీద "ట్రెడ్‌వేర్" పక్కన ఒక అంకె ఉంటుంది. అమెరికా ప్రభుత్వ గ్రేడింగ్ పద్ధతి అది. 100 అంటే ప్రామాణిక టైరు అరుగుదల, 300 అంటే దానికి మూడు రెట్ల మన్నిక. మెత్తని రబ్బరు త్వరగా అరుగుతుంది కాబట్టి అంకె తగ్గేకొద్దీ పట్టు పెరుగుతుందని మోటుగా లెక్కేసుకోవచ్చు. కానీ గ్రేడు వేసుకునేది తయారీ కంపెనీయే. ఒక కంపెనీ 300ని ఇంకో కంపెనీ 320తో పోల్చి తీర్పు చెప్పలేం.

ఆ పక్కనే "ట్రాక్షన్ ఏఏ" కనిపించగానే లాంచ్ పట్టు అనుకోకండి. అది తడి రోడ్డు మీద తిన్నగా బ్రేకు వేసినప్పటి పట్టు. పొడి రోడ్డు మీద ఎగదోయడానికీ దానికీ సంబంధం లేదు.

రోడ్డు కార్లకు వచ్చే టైర్లను మూడు అంతస్తులుగా చూడండి. 400కు అటూఇటూ ఉండేవి టూరింగ్ టైర్లు. నిశ్శబ్దం, మైలేజీ, మన్నిక వాటి లక్ష్యం. 300 చుట్టూ ఉండేవి వేసవి స్పోర్ట్ టైర్లు. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 ట్రెడ్‌వేర్ 320, పైలట్ స్పోర్ట్ 4ఎస్‌ది 300. మూడోవి 200 టైర్లు: యోకోహామా అడ్వాన్ నియోవా ఏడీ09, బ్రిడ్జ్‌స్టోన్ పోటెంజా ఆర్ఈ-71ఆర్ఎస్, ఫాల్కెన్ అజెనిస్ ఆర్టీ660. ఇన్ని కంపెనీల రబ్బరు సరిగ్గా 200 దగ్గరే ఎందుకు ఆగింది? అమెరికాలో ఆటోక్రాస్ (కోన్ల మధ్య సమయంతో పోటీపడి నడిపే) పోటీల స్ట్రీట్ తరగతుల్లో 200కు తక్కువ టైర్లు అనుమతించరు. రూలు పుస్తకం గీసిన గీత దగ్గరే అంకె ఆగింది, లోపలి రబ్బరు మాత్రం ఎవరిది వారిదే.

రోజూ ఆఫీసుకు తిప్పే సెడాన్‌కు మా ఓటు రెండో అంతస్తుకే. 200 టైర్లు కొంత వేడెక్కాకే పూర్తి పట్టు ఇస్తాయి. మే నెల హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అది చిక్కు కాదు. చిక్కు జూలైలో వస్తుంది: ఆ టైర్లలో గాడులు తక్కువ, నిలిచిన నీటిని తోసేయలేవు, అరిగేకొద్దీ ఇంకా ప్రమాదం. రెండో సెట్ వీల్స్ పెట్టుకునే స్థోమత, ట్రాక్ రోజులకు వెళ్లే అలవాటు ఉంటేనే వాటి జోలికి వెళ్లండి. ఇక్కడ చెప్పే లాంచ్‌లన్నీ చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై లాంటి మూసిన ట్రాకులకే, ఓఆర్ఆర్ సర్వీసు రోడ్డుకు కాదు.

లోడ్ ఇండెక్స్ తగ్గించకూడదు. 91 అంటే టైరుకు 615 కిలోలు, 94 అంటే 670. వేగం అక్షరం వి అయితే గంటకు 240, డబ్ల్యూ అయితే 270. పైకి పోవచ్చు, కిందికి వద్దు.

దొరకడం వేరే సంగతి. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతికి లైసెన్స్ తప్పనిసరి. అందుకే విదేశీ సమీక్షల్లో మెచ్చుకున్న టైరు మన సైజులో ఉండకపోవచ్చు, ఉన్నా గోదాములో ముసలిదై ఉండవచ్చు. తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది: 1424 అంటే 2024లో 14వ వారం. ఏడాది దాటిన స్పోర్ట్ టైరుకు కొత్త ధర ఇవ్వకండి. ఐఎస్ఐ గుర్తు లేని దిగుమతి టైరు ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి.

రెండా, నాలుగా?

"డ్రైవ్ ముందేగా, ముందు రెండూ మారిస్తే చాలదా?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. చాలదు. ముందు పైలట్ స్పోర్ట్, వెనక అరిగిన టూరింగ్ టైర్లతో కారు పొడి రోడ్డు మీద హాయిగానే పోతుంది. తడి మలుపులో కాలు యాక్సిలరేటర్ మీంచి ఒక్కసారి తీస్తే బరువు ముందుకు వస్తుంది, వెనకభాగం పక్కకు తిరిగిపోతుంది. ముందు భాగం జారితే డ్రైవరు కొంత సర్దుకోగలడు, వెనక భాగం జారితే చాలామందికి చేతకాదు. నాలుగూ ఒకే మోడల్, ఒకే వయసు.

పట్టు పెరిగితే భారం ఇంకెక్కడో పడుతుందని కూడా గుర్తుంచుకోండి. జీటీలోని ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేరుబాక్సు) పొడి క్లచ్‌ల రకం, పేరు డీక్యూ200. దాని పరిమితి 250 న్యూటన్ మీటర్లు, ఇంజన్ ఇచ్చేదీ అంతే. ఇన్నాళ్లూ టైరు జారి క్లచ్‌ను కాపాడింది. ఇకపై టైరు పట్టుకుంటే జారేది క్లచ్. వరుసగా రెండు లాంచ్‌ల తర్వాత పది నిమిషాలు మెల్లగా నడిపి చల్లార్చాలి. మాడిన వాసన వచ్చిందంటే ఆ రోజుకు చాలు.

ముందు చక్రాలు దడదడా ఎగిరెగిరి పడుతుంటే, అంటే రెండో పాఠంలో చెప్పిన వీల్ హాప్ ఉంటే, టైర్లు కొనడం ఆపండి. ముందు ఇంజన్ మౌంట్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు మార్పించండి. జిగట రబ్బరు ఆ ఎగురుడును పెంచి డ్రైవ్‌షాఫ్ట్ కీళ్లను విరిచేదాకా తీసుకెళుతుంది.

ఈ వారం పని

నాలుగు టైర్ల ట్రెడ్‌వేర్ అంకె, తేదీ, లోడ్ ఇండెక్స్ ఒక కాగితం మీద రాయండి. ప్రతి టైరుకు లోపలి అంచు, మధ్య, బయటి అంచు దగ్గర గాడి లోతు కొలవండి. కొత్తది 7–8 మిల్లీమీటర్లు ఉంటుంది, 1.6 దగ్గర గాడి అడుగున ఉండే అరుగుదల గుర్తు టైరు పైరబ్బరుతో సమం అవుతుంది. ముందు టైర్లలో లోపలి అంచు, బయటి అంచు తేడా 1 మిల్లీమీటరు దాటితే అలైన్‌మెంట్ కాగితం కూడా తెచ్చుకోండి. ఉదయం కారు తీయకముందు నాలుగింటి గాలి కొలిచి, అరగంట నడిపాక మళ్లీ కొలవండి. టైరు లోపల ప్రతి 5–6 డిగ్రీల వేడికి ఒక పీఎస్ఐ చొప్పున పెరుగుతుంది. ఆ రెండు వరుసల అంకెలతోనే నాలుగో పాఠంలో కొత్త టైర్లకు తొలి 300 కిలోమీటర్ల అలవాటు, లాంచ్‌కు గాలి సర్దడం నేర్చుకుందాం.