బెంగళూరులో ఆలివ్, లావెండర్ కొనేముందు

లాల్‌బాగ్ పూల ప్రదర్శన చూసొచ్చిన ఊపులో ఆలివ్, లావెండర్ మొక్కలు కొనేవాళ్లు మనలో చాలామందే. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఇవి మధ్యధరా తీరపు మొక్కలు. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, వేసవి పొడిగా ఉంటుంది. బెంగళూరులో వానలు మే నుంచి అక్టోబరు దాకా. అంటే ఆ మొక్కలు నీళ్లు వద్దనే రోజుల్లోనే మనకు కుండపోత.

అందుకే ఇక్కడ లావెండర్ ఎండకు కాదు, వానకు మొదలు కుళ్లి చస్తుంది. అదే తీరపు సువాసన మొక్క రోజ్‌మేరీ కాస్త నయం. మట్టికుండీలో ఎర్రమట్టికి సగానికి సగం ముతక ఇసుక కలిపి, ఎండ తగిలి వాన తగలని చోట పెట్టండి. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే నీళ్లు పోయండి. ఆలివ్ పూతకు గట్టి చలి కావాలి, మన డిసెంబరు చలి దానికి చాలదు. ఆకు అందం చాలనుకుంటే సరే, ధర విన్నాక మీ ఇష్టం.

నేలలో వేయాలంటే దానిమ్మ, అంజూర వేసుకోండి. మధ్యధరా తీరంలోనూ పండేవే, ఇక్కడా హాయిగా కాస్తాయి. గన్నేరు కూడా అక్కడ విరివిగా పెరిగేదే, కానీ ఆకు నుంచి గింజ దాకా విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు.